పెట్రోల్‌కి జల్లెడ పట్టే రాయి

వైట్‌ఫీల్డ్‌లో మాలూరు వైపు రైలెక్కితే తర్వాతి స్టేషన్ దేవనగొంది. మంగళూరు నుంచి హాసన్ మీదుగా పైపులో వచ్చే పెట్రోల్ అక్కడి ట్యాంకుల్లోకే చేరుతుంది. మన బండ్లలో పోసే పెట్రోల్‌లో అదీ ఉంటుంది.

పెట్రోల్ ఒకే పదార్థం కాదు, వందల రకాల హైడ్రోకార్బన్ల కలగలుపు. కొన్నిట్లో కార్బన్ పరమాణువులు గొలుసులా వరుసగా ఉంటాయి, కొన్నిట్లో కొమ్మలు వేస్తాయి. వరుసగా ఉండే హెప్టేన్‌కి ఆక్టేన్ నంబర్ 0, కొమ్మలున్న ఐసో ఆక్టేన్‌కి 100. నంబర్ తక్కువైతే పెట్రోల్ ఇంజిన్‌లో వేళ కాకుండా అంటుకుని టకటకమంటుంది.

నంబర్ పెంచడానికి దశాబ్దాలపాటు చేసిన పని, పెట్రోల్‌లో సీసం కలపడం. ఆ సీసం పొగలో వచ్చేది, పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీసేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా ఆపేశారు. మన అమ్మలు చిన్నప్పుడు పీల్చిన గాలి అదీ. సీసం పోయాక కొమ్మల అణువులకి గిరాకీ పెరిగింది.

మరి వాటిని విడదీయడం ఎలా? మరిగిద్దామంటే హెప్టేన్ 98.4 డిగ్రీలకి, ఐసో ఆక్టేన్ 99.2 డిగ్రీలకి మరుగుతాయి. ఒక్క డిగ్రీ కూడా తేడా లేదు! ఆకారం చూసే వేరుచేయాలి.

దానికే జియోలైట్. 1756లో స్వీడన్‌కి చెందిన క్రోన్‌స్టెట్ ఒక రాయిని వేడిచేస్తే అందులోని నీరు ఆవిరై బుసబుసా పొంగింది. గ్రీకు మాటలతో ‘మరిగే రాయి’ అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో కూడా తయారుచేస్తున్నారు. 5ఏ అనే రకంలో కన్నాలు సుమారు 5 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే మిల్లీమీటర్‌ని ఇరవై లక్షల ముక్కలు చేస్తే అందులో ఒకటి. సన్నని వరుస అణువులు అందులో దూరతాయి, కొమ్మలున్నవి పట్టవు.

మా ఇంట్లో అమ్మ జల్లెడ అంటుంది, నాన్న కన్నడంలో జరడి అంటారు. ఏదైనా సరే, మన జల్లెడలో సన్నవి కిందికి రాలిపోతాయి. ఇక్కడ సన్నవే రాయి లోపల ఉండిపోతాయి, లావువి బయటి నుంచి సాగిపోతాయి. లోపలివి గోడలకి అంటిపెట్టుకోవడమే అధిశోషణం. శోషణం అంటే పీల్చుకోవడం. ‘అధి’ చేరితే పైన అంటుకోవడం అయింది. ఉపసర్గల పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

విశాఖపట్నం రిఫైనరీలో వరుస అణువుల్ని కొమ్మలవిగా మార్చే ఐసోమరైజేషన్ యూనిట్ ఉంది. ఇలాంటి యూనిట్లు పనిచేసేది ముఖ్యంగా పెంటేన్, హెక్సేన్ల మీద. ఒక్క విడతలో అన్నీ మారవు. అందుకే కొన్ని రిఫైనరీల్లో మిగిలిన వరుసవాటిని జియోలైట్‌తో పట్టి, పీడనం తగ్గించో వేడిచేసో విడిపించి, మళ్లీ మొదటికి పంపుతారు. రాయి ఖాళీ అవుతుంది, తర్వాతి విడతకి సిద్ధం.