కొండలు చూద్దాం, అందరం తిరిగి వద్దాం



సంక్రాంతి సెలవులు దగ్గర పడేసరికి మా ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఇంటింటా ఒక మాట వినబడుతుంది: "ఈసారి ఎటైనా పోయి వద్దాం." ఇక్కడి కుటుంబాల్లో చాలామంది వరంగల్, నల్గొండ, ఖమ్మం జిల్లాల నుండి, కోస్తా ఊళ్ల నుండి పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడినవారే. పారిశ్రామికవాడలో షిఫ్టుల పని, ఆదివారం ఆరాధన, సోమవారం మళ్లీ షిఫ్టు. నీళ్లంటే వీరికి రోజూ కనిపించేది నల్లా దగ్గర బిందెల వరుస, నాగోలు వంతెన కింద నల్లగా పారే మూసీ. ఇటువంటివారు కొండల నడుమ పారే గోదావరిని ఒక్కసారి కళ్లారా చూడాలని ఆశపడితే అందులో తప్పేమీ లేదు. పని ఇచ్చిన దేవుడే విశ్రాంతి కూడా ఇచ్చాడు.

ఇప్పుడు చాలామంది టూరు కంపెనీ బస్సెక్కకుండా, నాలుగైదు కుటుంబాలు కలిసి వ్యాను కట్టించుకొని వెళ్తున్నారు. ఖర్చు తగ్గుతుంది, నచ్చిన చోట ఆగవచ్చు, పిల్లలకు పాలు కాచుకోవచ్చు, సాయంత్రం కూర్చుని ప్రార్థన చేసుకోవచ్చు. కాని ఒక్క సంగతి గమనించాలి. అందరూ కలిసి వెళ్లే సొంత యాత్రకు యజమాని ఉండడు. "ఇక చాలు, ఆగుదాం" అని చెప్పవలసిన మనిషి ఎవరో ముందే అనుకోకపోతే, అవసరం వచ్చిన గడియలో ఆ మాట ఎవరి నోటా రాదు. 2024 జనవరిలో మా సంఘం నుండి ఐదు కుటుంబాలం, పిల్లలతో కలిపి పదహారు మందిమి, ఆరు రోజులు గోదావరి వెంట తిరిగి వచ్చాము. ఆ అనుభవంతో, వెళ్లబోయేవారికి ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

బయలుదేరక ముందు

యాత్రకు పది నెలల ముందే ఒక బుధవారం ప్రార్థన అయిన తర్వాత అందరం కూర్చున్నాము. అప్పు చేసి ఎవరూ రాకూడదని మొదట అనుకున్నాము. నెలనెలా కొంత జమ చేస్తూ, లెక్క పుస్తకం ఒక సహోదరి చేతికిచ్చాము. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన పెద్దాయనను యాత్రకు పెద్దగా నియమించుకున్నాము. ప్రయాణం విషయంలో ఆయన వద్దంటే వద్దు. పాస్టరు కూడా ఆ మాట వినవలసిందే.

ఆ రోజే ఒక తమ్ముడు అడిగాడు: "అంకుల్, రాత్రే బయలుదేరితే ఒక రోజు కలిసొస్తుంది కదా?"

పెద్దాయన నవ్వి, "రోజు మనకు కలిసొస్తుంది నాయనా, నిద్ర డ్రైవరుకు పోతుంది. ఆయన నిద్రతో మనం బేరం పెట్టుకోవద్దు" అన్నారు.

వాహనం కుదుర్చుకునేటప్పుడు రేటు ఒక్కటే అడిగితే చాలదు. నంబరు ప్లేటు పసుపు రంగులో, అక్షరాలు నల్లగా ఉండాలి. అదే అద్దెకు తిప్పే బండికి గుర్తు. తెల్ల ప్లేటు సొంత బండిని అద్దెకు తీసుకుంటే, ఏదైనా జరిగిన నాడు బీమా దగ్గర చిక్కు వస్తుంది. తెలంగాణ దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్తారు గనుక పర్మిటు, పన్ను ఎవరు కట్టాలో, రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు లెక్క వేస్తారో, డ్రైవరు బత్తా ఎంతో కాగితం మీద వ్రాయించుకోవాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకు రోజుకు ఎనిమిది గంటల పని అని చెప్పింది. అందుకే మేము తిరుగు ప్రయాణంలో విజయవాడలో ఒక రాత్రి ఆగాము. డ్రైవరు తమ్ముడికి మాతోపాటే భోజనం, విడిగా గది, మంచం. రాత్రి బండిలోనే ముడుచుకొని పడుకున్న మనిషి తెల్లవారి ఘాట్ రోడ్డు మీద మన పిల్లలను ఎలా జాగ్రత్తగా నడపగలడు?

పడవ ఎక్కే చోట

మొదటి రోజు తెల్లవారుజామున ఉప్పల్‌లో బయలుదేరి సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం మీదుగా సాయంత్రానికి భద్రాచలం చేరాము. రైలులో వచ్చేవారు భద్రాచలం రోడ్ స్టేషనులో దిగాలి. అది ఉన్నది కొత్తగూడెంలో. అక్కడ నుండి భద్రాచలం ఇంకా నలభై కిలోమీటర్లని ముందే తెలుసుకోవడం మంచిది.

రెండవ రోజు పాపికొండలు. భద్రాచలం వైపు నుండి వెళ్లేవారికి పడవలు వరరామచంద్రాపురం మండలంలోని పోచవరం దగ్గర దొరుకుతాయి. రాజమండ్రి వైపువారు గండి పోచమ్మ దగ్గర ఎక్కుతారు. రాజమండ్రి దగ్గర ఒడ్డుకు ఒడ్డు కనిపించనంత వెడల్పైన గోదావరి ఇక్కడ రెండు కొండల మధ్య ఇరుక్కొని సన్నని దారి చేసుకొని పారుతుంది. నీరు నిమ్మళంగా కనిపిస్తుంది గాని లోతు చాలా ఎక్కువ. ఈ అడవిని 2008లో జాతీయ వనంగా ప్రకటించారు.

ఇంత అందమైన చోటే కన్నీళ్లు కూడా ఉన్నాయి. 2018 మే 15న ఇదే నదిలో మంటూరు దగ్గర లాంచీ మునిగిపోయింది. గాలివానకు తలుపులు మూసుకొని లోపల కూర్చున్నవారు బయటికి రాలేకపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, నది వరదతో ఉధృతంగా ఉన్న రోజున, డెబ్బై ఏడు మందితో వెళ్తున్న విహార పడవ బోల్తా పడింది. ఇరవై ఆరు మంది మాత్రమే బ్రతికారు. వరంగల్ దగ్గరి కడిపికొండ నుండి కలిసి వెళ్లిన స్నేహితులలో చాలామంది తిరిగి రాలేదు. మనలాగే సెలవు చూసుకొని, డబ్బు కూడబెట్టుకొని వెళ్లినవారు వారు. మునిగినవారిని కాపాడడానికి ముందుగా వచ్చినది దగ్గరి గ్రామాల గిరిజనులు, తమ చిన్న పడవలు వేసుకొని. మునిగిన పడవను నది అడుగు నుండి పైకి తీయడానికి అక్టోబరు 22 వరకు పట్టింది. ఆ తర్వాత చాలాకాలం పడవలు ఆపివేసి, రేవుల దగ్గర కంట్రోల్ రూములు ఏర్పాటు చేసి, 2021లో మళ్లీ అనుమతించారు.

పోచవరం రేవులో మాకు ఒక చిన్న పరీక్ష వచ్చింది. మా జట్టులోని ముసలమ్మగారు లైఫ్ జాకెట్ వేసుకోనన్నారు. "నాకెందుకయ్యా ఈ సంచి, ఊపిరాడదు" అన్నారు. పెద్దాయన ఆమె పక్కనే మెట్ల మీద కూర్చుని, "మీరు తొడిగేదాకా మేమెవరమూ ఎక్కమమ్మా" అన్నారు. ఆమె తొడుక్కున్నారు. తర్వాత చూస్తే పిల్లలు ఐదుగురు, పిల్లల జాకెట్లు మూడే. పెద్దల జాకెట్ తొడిగితే పిల్లవాడి మెడలో నుండి పైకి వచ్చేస్తోంది. "ఏం కాదు సార్, ఈ రోజు నీళ్లు బాగున్నాయి" అన్నాడు పడవ మనిషి. పెద్దాయన తల అడ్డంగా ఊపారు. "ఇంకో రెండు వచ్చేదాకా ఎక్కం. లేకపోతే మా డబ్బు మాకివ్వండి, తర్వాతి పడవలో వస్తాం."

పడవలో అప్పటికే కూర్చున్నవారు విసుక్కున్నారు. మా పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. పెద్దాయనను చూసి మాకే కొంచెం మొహమాటం వేసింది. అరగంటకు వేరే పడవలో నుండి రెండు చిన్న జాకెట్లు తెచ్చి ఇచ్చారు. ఆ రోజు నది ప్రశాంతంగానే ఉంది, ఏ ఆపదా రాలేదు. అయినా ఆ అరగంట వృథా కాలేదు. నది ఎప్పుడూ ప్రశాంతంగా ఉంటుందని మనకెవరూ మాట ఇవ్వలేదు. భోజనం వడ్డించినా, ఫోటో తీసుకున్నా జాకెట్ విప్పకండి. అందరూ ఒకే ప్రక్కకు పరుగెత్తకండి. మూసిన గదిలో కాకుండా గాలి తగిలే చోట కూర్చోండి.

వర్షాకాలంలో ఈ యాత్ర పెట్టుకోవద్దు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 2022 జూలైలో నది 71 అడుగులు దాటింది. వరద రోజుల్లో పడవలు ఆపివేస్తారు. ఆపినప్పుడు "డబ్బు కట్టాం, ఎలాగైనా తీసుకెళ్లండి" అని పట్టుబట్టకూడదు.

కొండలలోని మనుషులు

పేరంటాలపల్లిలో పడవ దిగాము. అక్కడ కొండరెడ్లు వెదురుతో చేసిన పూలకుండీలు, బొమ్మలు అమ్ముతారు. ఒక సహోదరి సగం ధరకు అడగబోతే, ఉప్పల్‌లో కూరగాయలమ్మే మరో సహోదరి ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది. "వాళ్ల వేళ్లు చూడక్కా, అన్నీ వెదురు గాట్లే. మన టమాటాలకు ఎవరైనా ఇట్ల బేరమాడితే మనకెట్లుంటది?" అంది. ఇక ఎవరూ బేరమాడలేదు.

ఈ ఒడ్డున ఉన్నవారు మన చూపుడు బొమ్మలు కారు. పోలవరం ప్రాజెక్టు కింద అనేక గ్రామాలు ముంపులో పడ్డాయి. ఇల్లు, పొలం, పెద్దల సమాధులు విడిచి లేచిపోయినవారు ఉన్నారు. అడగకుండా వారి ఇంట్లోకి తొంగిచూడడం, ఫోటోలు తీయడం, పిల్లలకు చాక్లెట్లు విసిరి ఏరుకొమ్మనడం మర్యాద కాదు. మన ఇంటి ముందు అలా చేస్తే ఊరుకుంటామా?

భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం ఉంది. ఎగువ గోదావరిలో పడవలు నడిపించాలనే ప్రభుత్వ పథకం కోసం అక్కడికి వచ్చిన ఇంజనీరు హేగ్, 1860ల నాటికి కోయవారి మధ్య సువార్త పని మొదలు కావడానికి కారకుడయ్యాడు. తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ అనేక సంవత్సరాలు అక్కడే ఉండి పనిచేశాడు. పడవల పథకాన్ని 1871లో ప్రభుత్వం విడిచిపెట్టింది. చూడ్డానికి వచ్చి వెళ్లిపోయేవారికీ, వారి మధ్య ఉండిపోయినవారికీ ఎంత భేదమో మా పిల్లలకు అక్కడ చెప్పాము.

మూడవ రోజు చింతూరు నుండి మారేడుమిల్లి ఘాట్ దిగాము. మలుపులు ఎక్కువ, వాంతులు అవుతాయి, గనుక తేలికైన టిఫిన్ చేసి, పూర్తిగా వెలుగు ఉన్నప్పుడే దిగాలి. మారేడుమిల్లిలో బొంగులో చికెన్ పిల్లలకు బాగా నచ్చింది. మాంసానికి మసాలా పట్టించి, పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి మూసి నిప్పుల మీద కాలుస్తారు. ఇది మలేరియా ఉన్న ఏజెన్సీ ప్రాంతం. దోమతెరలు తీసుకువెళ్లండి. ఇంటికి వచ్చిన తర్వాత రెండు మూడు వారాలలో ఎవరికైనా జ్వరం వస్తే, ఫలానా చోటికి వెళ్లి వచ్చామని డాక్టరుగారికి తప్పక చెప్పండి.

ధవళేశ్వరం నుండి దిండి వరకు

నాలుగవ రోజు ధవళేశ్వరంలో ఆగాము. సర్ ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి ఇక్కడ ఆనకట్ట పూర్తి చేయించాడు. అంతకు ముందు 1833 కరువు, 1839 తుఫాను ఈ ప్రాంతాన్ని కుదిపివేశాయి. కళ్లెదుట ఇంత నీరు సముద్రంలో కలుస్తుండగా మనుషులు ఆకలితో చనిపోవడం కాటన్ చూడలేకపోయాడు. ఆయన భక్తిగల విశ్వాసి. కాని అక్కడి రైతులు ఆయన విగ్రహానికి దండ వేసేది తమ పొలాలకు వచ్చిన నీటి కొరకు. ఆయనకు కుడిభుజంగా నిలిచి వేలమంది కూలీలను నడిపించినవాడు మన తెలుగువాడే, వీణెం వీరన్న. పాత ఆనకట్ట చోట ఇప్పుడున్న బ్యారేజీకి కాటన్ పేరే పెట్టారు.

బ్యారేజీ కింద గోదావరి పాయలుగా విడిపోయి కోనసీమ అవుతుంది. కాలువల వెంట కొబ్బరి తోటలు చూస్తూ సాయంత్రానికి దిండి చేరాము. వశిష్ఠ పాయ ఒడ్డున కూర్చుని ప్రార్థన చేసుకున్నాము. మా ముసలమ్మగారు చాలాసేపు నీళ్ల వైపు చూసి, "ముప్పై ఏండ్లయింది నేను పట్నం వచ్చి. ఏ పనీ లేకుండా ఇట్ల కూర్చున్నది ఈ రోజే" అన్నారు. యాత్ర దేనికని అడిగేవారికి ఆ మాట చాలు.

పల్లెలలోని మా చదువరులకు ఒక మనవి. మీరు పాపికొండలకే వెళ్లనక్కర లేదు. కన్వెన్షనుకు ట్రాక్టరు ట్రాలీలో నలభై మంది ఎక్కినా, పెండ్లికి ఒక్క ఆటోలో పదిహేను మంది ఇరుక్కున్నా, చెరువులో తెప్ప మీద పిల్లలను ఎక్కించినా సంగతి ఒక్కటే. బయలుదేరక ముందు ఒక పెద్దను నియమించుకోండి. ఆగిన ప్రతి చోటా తలలు లెక్క పెట్టండి. ఆయన "వద్దు" అంటే పిరికివాడని నవ్వకండి. ప్రయాణానికి ముందు ప్రార్థన చేసి, ఆ తర్వాత జాకెట్ తొడగకుండా, నిద్ర లేని డ్రైవరు చేతిలో ప్రాణాలు పెట్టడం విశ్వాసం కాదు. దేవుడు మనకు అప్పగించిన ప్రాణాలకు మనము కావలివారము.

మీ ప్రయాణాలను ప్రభువు దీవించి, వెళ్లినవారందరినీ క్షేమంగా ఇంటికి చేర్చును గాక.