నిలువచేసిన ఆకుకూరలో సారముండదా?

వానకాలమున పెరటి మడిలో గోంగూర, తోటకూర ఒక్కమారుగా ఏపుగా పెరిగి, ఇంటిల్లిపాది తినగా, ఇరుగుపొరుగులకు పంచగా కూడ మిగిలినప్పుడు, ఆ మిగులును పశువుల ముందు వేయుటయే గాని దాచుట వృథాయనియు, నిలువచేసిన ఆకులో సారమేమియు నుండదనియు తలచువారు నేటికిని పెక్కుమంది కలరు. ఈ తలంపులో సత్యము కొంతయే. విటమిన్ సి వేడికిని, నీటికిని, కాలయాపనకును నశించు మాట నిజమే. కాని కాల్షియము, ఇనుము, పీచు అట్లు పోవునవి కావు. కెరోటిన్ సైతము వంట వేడిమికి చాలవరకు నిలుచును. దానికి శత్రువు ఎండ. కనుక మునగాకు, కరివేపాకు, మెంతికూర ఎండబెట్టదలచినవారు గాలియాడు నీడలో పలుచగా ఆరబోసి, చేత నలిపినంతనే పొడియగునట్లైన పిదప గాలి చొరని డబ్బాలో, వెలుతురు సోకని చోట నుంచవలెను. కెరోటిన్ కొవ్వులో కరుగునది గావున, ఆ పొడిని నేతితోనో నూనెతోనో అన్నమున కలుపుకొన్నప్పుడే చక్కగా ఒంటబట్టును.

గోంగూర పచ్చడి బూజుపట్టినచో ఉప్పు చాలలేదనుట పరిపాటి. ఉప్పు ముఖ్యమే యైనను, తరచుగా దోషము తడిది. కాడలు తీసి కడిగిన ఆకును పొడిబట్టపై పరచి, తడి లేశమైనను లేకుండ ఆరనిచ్చి, మూకుట నూనెలో వేసి, అందలి నీరింకి, ఆకు ముద్దయై, నూనె అంచులకు తేలువరకు మగ్గనిచ్చి, పూర్తిగా చల్లారిన పిమ్మటనే ఉప్పు, కారము, మెంతిపొడి కలిపి జాడీ కెత్తవలెను. ఆకు సహజమైన పులుపు, ఉప్పు, నీటి లేమి, పైని నూనెపొర – ఈ నాల్గును గూడినప్పుడే పచ్చడి నిలుచును. తడిచెంచా ఒక్కటి చాలును, ఈ శ్రమయంతయు వృథాయగుటకు.

పచ్చదనము నిలుచుటకు వంటసోడా వేయుట మేలనుకొనుట మరియొక భ్రమ. రంగు నిలుచును గాని, విటమిన్ సి, థయమిన్ మరింతగా నశించును. ఆకు పసరురంగు తగ్గుట పత్రహరితములోని మార్పేగాని సారము పోయినదనుటకు గుర్తు కాదు. ఫ్రీజరులో దాచువారు ఆకును మరుగునీట రెండు నిమిషములు ముంచి, వెంటనే చన్నీట చల్లార్చి పిండుట మంచిది. పచ్చిగా పెట్టినచో ఆకులోని ఎంజైములు రుచిని, రంగును చెరచును.

మరల వేడిచేసిన ఆకుకూర విషమగునను మాటయు అతిశయోక్తియే. వండిన కూరను గంటలకొలది బయట విడిచినప్పుడు సూక్ష్మజీవులు పెరిగి, అందలి నైట్రేటును నైట్రైటుగా మార్చును; చల్లారినంతనే ఫ్రిజ్జులో నుంచి, మరునాడు ఒక్కమారు బాగుగా కాచి తినుట వలన ఆరోగ్యవంతులకు హాని లేదు. పసికందులకు మాత్రము నిలువకూర పెట్టరాదు.

పాలకూర టమాటాతో కలిసిన రాళ్లేర్పడునందురు. టమాటాలో ఆక్సలేటు స్వల్పము. అధికముగా నున్నది పాలకూరలోనే. ఉడికించి నీరు వార్చిన అది కొంత తగ్గును. ఇదివరకే మూత్రపిండములలో రాళ్లు వచ్చినవారు వైద్యుని సలహా పాటింతురు గాక; తక్కినవారు ఈ భయముతో పెరటికూరను పారవేయ నక్కరలేదు.