రొమ్ము క్యాన్సర్ తగ్గాక ఈస్ట్రోజెన్ క్రీమ్ వాడొచ్చా? జవాబు రక్త పరీక్షలో కాదు.. పాత బయాప్సీ రిపోర్టులో ఉంది!

శంషాబాద్: ఆపరేషన్ అయిపోయింది. కీమో, రేడియేషన్ కూడా ముగిశాయి. ఇక రోజుకో మాత్ర వేసుకుంటే చాలన్నారు డాక్టర్. కానీ చాలామంది మహిళలకు కొత్త ఇబ్బంది అక్కడి నుంచే మొదలవుతుంది. ఉన్నట్టుండి ఒంట్లో వేడి ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, కీళ్ల నొప్పులు, నిద్రలేమి. వీటికి తోడు యోని పొడిబారి మంట, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్. మొదటివి ఎలాగోలా చెప్పుకుంటారు. చివరివి మాత్రం ఇంట్లో చెప్పుకోలేరు, డాక్టర్ దగ్గరా నోరు విప్పలేరు.

ఈ మౌనంలోనే రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. కొందరు బాధ భరించలేక ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేస్తారు. ఇంకొందరు మెడికల్ షాపులో అడిగి హార్మోన్ క్రీమ్ తెచ్చుకుంటారు, లేదంటే అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన సప్లిమెంట్లు వాడేస్తారు. రెండూ ప్రమాదమే. మరి ఏ టెస్టు దేనికి? తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ ఎవరికి కుదురుతుంది, ఎవరికి కుదరదు? ఇప్పుడు తెలుసుకుందాం.

హైదరాబాద్‌కు ఇది దగ్గరి సమస్య

2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదిక ప్రకారం మహిళల్లో రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలోనే హైదరాబాద్ జిల్లాలో ఎక్కువ. వయసు తేడాలను సర్దుబాటు చేసి లెక్కేస్తే లక్ష మంది మహిళలకు ఏటా 48 కొత్త కేసులు. చెన్నైలో ఇది 42.2, బెంగళూరులో 40.5. చికిత్స మెరుగుపడే కొద్దీ క్యాన్సర్‌ను దాటి ఏళ్ల తరబడి జీవించే మహిళల సంఖ్య కూడా పెరుగుతోంది.

శంషాబాద్, షాద్‌నగర్ వైపు నుంచి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాలంటే సిటీలోని రెడ్‌హిల్స్‌లో ఉన్న ఎంఎన్‌జే దాకా పోవాల్సిందే. ఓపీలో నిలబడి, డాక్టర్ ముందు కూర్చునే ఆ కాస్త సమయంలో గడ్డ గురించి, స్కాన్ గురించి మాట్లాడేసరికే సరిపోతుంది. మిగతా బాధలు అడగకుండానే ఇంటికొచ్చేస్తారు. విమానాశ్రయంలో షిఫ్టుల్లో పనిచేసే మహిళలకైతే ఆ సెలవు దొరకడమే గొప్ప.

రెండు 'హార్మోన్ టెస్టులు'.. రెండూ ఒకటి కావు

హార్మోన్ టెస్ట్ అనగానే చాలామంది రక్త పరీక్షే అనుకుంటారు. రొమ్ము క్యాన్సర్‌లో అసలైన హార్మోన్ పరీక్ష రక్తానికి చేసేది కాదు, గడ్డకు చేసేది. బయాప్సీలో తీసిన ముక్క మీద ఐహెచ్‌సీ అనే పరీక్ష చేస్తారు. క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఈఆర్), ప్రొజెస్టెరాన్ రిసెప్టర్ (పీఆర్) ఉన్నాయా, ఎంత శాతం కణాల్లో ఉన్నాయి అన్నది చూస్తారు. ఒక శాతం కణాల్లో ఉన్నా 'పాజిటివ్' కిందే లెక్క. 1 నుంచి 10 శాతం మధ్య ఉంటే 'లో పాజిటివ్' అని ప్రత్యేకంగా రాస్తారు.

రిసెప్టర్ అంటే తాళం అనుకోండి, ఈస్ట్రోజెన్ తాళంచెవి. చెవి తాళంలో తిరిగితే కణం పెరగడానికి సంకేతం అందుతుంది. కాబట్టి తర్వాత ఎప్పుడు ఈస్ట్రోజెన్ మాట వచ్చినా ముందు చూడాల్సింది ఈ పాత రిపోర్టునే. చికిత్స అయిపోయి పదేళ్లయినా ఆ కాగితం పారేయకూడదు.

రక్త పరీక్ష ఎప్పుడు అవసరం?

ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రడయోల్ రక్త పరీక్షలకు కూడా ఒక పని ఉంది. అండాశయాలు ఇంకా పనిచేస్తున్నాయా లేదా అన్నది అంచనా వేయడానికి ఇవి కావాలి. 40 ఏళ్ల మహిళకు కీమోతో నెలసరి ఆగిపోయిందంటే మెనోపాజ్ వచ్చేసినట్టు కాదు. నెలల తర్వాత అండాశయాలు మళ్లీ మేల్కోవచ్చు. అలాంటి వారికి లెట్రోజోల్, అనస్ట్రోజోల్ వంటి మాత్రలు ఒక్కటే ఇస్తే మెదడు నుంచి అండాశయాలకు ఇంకా గట్టిగా సంకేతాలు వెళ్తాయి, ఈస్ట్రోజెన్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. గర్భం వచ్చే అవకాశం కూడా ఉంటుంది. అందుకే చిన్న వయసు వారికి అండాశయాలను నిద్రపుచ్చే గోసెరెలిన్ లాంటి ఇంజెక్షన్ తోడుగా ఇస్తారు.

అయితే ఈ రక్త పరీక్షలకు పరిమితులున్నాయి. మామూలు ల్యాబుల్లో వాడే పద్ధతి అతి తక్కువ స్థాయి ఎస్ట్రడయోల్‌ను సరిగ్గా కొలవలేదు. మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే పద్ధతైతేనే నమ్మకంగా చెప్పగలదు. ఎక్సెమెస్టేన్ మాత్ర వేసుకునేవారిలో మామూలు పరీక్ష ఎస్ట్రడయోల్‌ను లేనిపోని ఎక్కువగా చూపించొచ్చు. టామోక్సిఫెన్ వాడుతున్నప్పుడు ఎఫ్‌ఎస్‌హెచ్ ఒక్కదాన్నే చూసి మెనోపాజ్ అని తేల్చలేరు.

ఇంకో ముఖ్యమైన సంగతి బయోటిన్. కీమో తర్వాత జుట్టు త్వరగా రావాలని చాలామంది ఈ మాత్రలు వేసుకుంటారు. కొన్ని ల్యాబ్ యంత్రాల్లో బయోటిన్ లెక్కను తారుమారు చేస్తుంది. ఎస్ట్రడయోల్ ఎక్కువగా, ఎఫ్‌ఎస్‌హెచ్ తక్కువగా కనిపించొచ్చు. కాబట్టి రక్తం ఇచ్చే ముందే ఆ సంగతి డాక్టర్‌కు, ల్యాబ్ వారికి చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, 'రక్తంలో ఈస్ట్రోజెన్ తక్కువగా ఉంది కాబట్టి కాస్త తీసుకుంటే ఏం కాదు' అని ఏ రిపోర్టూ చెప్పదు. ఆ తక్కువ స్థాయి కోసమే మాత్ర ఇస్తున్నారన్నది మరవొద్దు.

రెండు మాత్రలు.. రెండు దారులు

హార్మోన్‌కూ రొమ్ము క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం ఈనాటిది కాదు. 1896లోనే స్కాట్లాండ్ సర్జన్ జార్జ్ బీట్‌సన్ అండాశయాలు తొలగిస్తే ముదిరిన రొమ్ము క్యాన్సర్ తగ్గడాన్ని ప్రపంచానికి చెప్పారు. 1977లో అమెరికాలో టామోక్సిఫెన్‌కు అనుమతి వచ్చింది.

టామోక్సిఫెన్ తాళంలో అడ్డంగా కూర్చుంటుంది. ఒంట్లో ఈస్ట్రోజెన్ ఉన్నా రొమ్ము కణంలో పని జరగనివ్వదు. లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్‌లది వేరే దారి. మెనోపాజ్ తర్వాత కూడా కొవ్వు కణాల్లో కొద్దిగా ఈస్ట్రోజెన్ తయారవుతూనే ఉంటుంది. దాన్ని తయారుచేసే అరోమటేజ్ అనే ఎంజైమ్‌ను ఇవి ఆపేస్తాయి. అంటే తాళంచెవులే లేకుండా చేస్తాయి. సాధారణంగా ఐదేళ్లు, కొందరికి పదేళ్ల దాకా వాడాలి. క్రీమ్ విషయంలో ఈ తేడాయే కీలకం.

ఒంటికంతా పట్టే హార్మోన్ మాత్రలైతే..

మెనోపాజ్ బాధలకు ఇచ్చే హార్మోన్ మాత్రలు (హెచ్ఆర్‌టీ) రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గిన వారికి ఇవ్వొచ్చా అని స్వీడన్ ఆధ్వర్యంలో 'హ్యాబిట్స్' అనే ట్రయల్ జరిగింది. దాన్ని 2003 డిసెంబర్‌లో మధ్యలోనే ఆపేశారు. ఫాలోఅప్‌లో ఉన్న 345 మందిలో హార్మోన్ తీసుకున్న గ్రూపులో 26 మందికి, తీసుకోని గ్రూపులో 7 మందికి క్యాన్సర్ మళ్లీ కనిపించింది. అదే కాలంలో జరిగిన స్టాక్‌హోమ్ ట్రయల్‌లో ఇంత తేడా కనిపించలేదు. కానీ 3 వేల మందికి పైగా మహిళలతో టిబోలోన్ అనే మందుపై చేసిన 'లిబరేట్' ట్రయల్ ఫలితాలు 2009లో వచ్చాయి. మందు వాడినవారిలో 15.2 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 10.7 శాతం మందికి క్యాన్సర్ తిరగబెట్టింది. అందుకే ఇలాంటి మాత్రలు, ప్యాచ్‌లు ఈ మహిళలకు సాధారణంగా ఇవ్వరు.

2025 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ మెనోపాజ్ హార్మోన్ మందులపై ఉన్న 'బ్లాక్ బాక్స్' హెచ్చరికల్లో చాలావాటిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. వాట్సాప్‌లో ఈ వార్త చూసి హార్మోన్ మందులు అందరికీ సేఫ్ అనుకుంటే పొరపాటే. అది మెనోపాజ్ దశలోని సాధారణ మహిళల గురించి తీసుకున్న నిర్ణయం. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి అది పచ్చజెండా కాదు.

మరి తక్కువ మోతాదు క్రీమ్ సంగతి?

యోనిలో వాడే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ లెక్క వేరు. 10 మైక్రోగ్రాముల యోని మాత్రనే తీసుకుంటే, మొదటి రెండు వారాలు రోజుకొకటి, ఆ తర్వాత వారానికి రెండు. ఏడాదంతా కలిపినా సుమారు 1.14 మిల్లీగ్రాములే. నోటితో వేసుకునే మామూలు హార్మోన్ మాత్ర ఒక్కరోజు మోతాదే 1 మిల్లీగ్రాము. పైగా ఇందులో ఎక్కువ భాగం పూసిన చోటే పనిచేస్తుంది, రక్తంలోకి వెళ్లేది కొద్దిగానే.

స్కాట్లాండ్, వేల్స్‌లలో 49 వేల మందికి పైగా రొమ్ము క్యాన్సర్ మహిళల రికార్డులను పరిశీలిస్తే, యోని ఈస్ట్రోజెన్ వాడినవారిలో ఆ క్యాన్సర్ మరణాలు పెరిగినట్టు కనిపించలేదు. డెన్మార్క్‌లో 8,461 మందిపై 2022లో వచ్చిన అధ్యయనం కూడా మొత్తంగా చూస్తే అదే చెప్పింది. కానీ అందులో ఒక మెలిక ఉంది. లెట్రోజోల్ తరహా మాత్రలు వాడుతూ యోని ఈస్ట్రోజెన్ కూడా వాడినవారిలో క్యాన్సర్ తిరగబెట్టడం 39 శాతం ఎక్కువగా కనిపించింది. మరణాలు మాత్రం పెరగలేదు. ఇవి రికార్డుల ఆధారంగా చేసిన అధ్యయనాలే కాబట్టి ఆఖరి మాట అనలేం.

కారణం ఊహించదగ్గదే. టామోక్సిఫెన్ తాళంలో అడ్డంగా ఉంటుంది కాబట్టి, బయటి నుంచి ఒకటి రెండు చెవులు వచ్చినా పెద్దగా తిరగవు. లెట్రోజోల్ పని చెవులే లేకుండా చేయడం కాబట్టి, కొద్దిగా వచ్చినా ఆ పని దెబ్బతింటుంది. అందుకే లెట్రోజోల్ తరహా మాత్రలు వాడేవారికి ఈస్ట్రోజెన్ క్రీమ్ విషయంలో డాక్టర్లు చాలా జాగ్రత్తగా ఉంటారు. బాధ మరీ ఎక్కువైతే మాత్రనే టామోక్సిఫెన్‌కు మార్చే ఆలోచన కూడా చేస్తారు.

ముందు హార్మోన్ లేని దారులే

అమెరికా గైనకాలజీ నిపుణుల సంఘం ఏసీఓజీ సలహా కూడా ఇదే వరసలో ఉంది. మొదట హార్మోన్ లేనివి, వాటితో లాభం లేకపోతేనే క్యాన్సర్ డాక్టర్‌తో మాట్లాడి తక్కువ మోతాదు యోని ఈస్ట్రోజెన్.

* వారానికి రెండు మూడుసార్లు వాడే యోని మాయిశ్చరైజర్ జెల్, కలయిక సమయంలో నీటి ఆధారిత లూబ్రికెంట్. వీటి ఫలితం తెలియాలంటే కొన్ని వారాలు క్రమం తప్పకుండా వాడాలి.
* పొత్తికడుపు కింది కండరాల బిగుతు వల్ల నొప్పి ఉంటే ఫిజియోథెరపీ.
* వేడి ఆవిర్లకు వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటి మందులు డాక్టర్ సలహాతో. టామోక్సిఫెన్ వాడేవారు పరోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్‌లకు దూరంగా ఉండటం మంచిది. అవి టామోక్సిఫెన్ ఒంట్లో పనిచేసే రూపంలోకి మారకుండా అడ్డుపడతాయి.
* మెనోపాజ్ తర్వాత టామోక్సిఫెన్ వాడుతున్నప్పుడు మళ్లీ రక్తస్రావం కనిపిస్తే ఆలస్యం చేయకుండా గైనకాలజిస్టును కలవాలి. గర్భాశయం లోపలి పొరను పరీక్షించాలి.

శంషాబాద్ నుంచి విమానం ఎక్కే ముందు..

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండొచ్చే తల్లులు శంషాబాద్ విమానాశ్రయంలో రోజూ కనిపిస్తారు. వారిలో రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. టామోక్సిఫెన్‌తో కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. దుబాయ్, దోహా మీదుగా సాగే సుదీర్ఘ ప్రయాణం దానికి తోడవుతుంది. మధ్యమధ్యలో లేచి నడవాలి, నీళ్లు తాగుతుండాలి. కంప్రెషన్ స్టాకింగ్స్ కావాలా అన్నది ముందే డాక్టర్‌ను అడగాలి. మాత్రలు, ప్రిస్క్రిప్షన్, బయాప్సీ రిపోర్టు కాపీ చెక్-ఇన్ సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో ఉంచుకోవాలి. ఇంజెక్షన్ 28 రోజులకోసారి ఉంటే ఆ తేదీ తప్పకుండా ప్లాన్ చేసుకోవాలి.

తిరిగొచ్చేటప్పుడు సూట్‌కేసులో వచ్చేవాటిపైనా కన్నేయాలి. అమెరికాలో డీహెచ్‌ఈఏ అనే మాత్ర ప్రిస్క్రిప్షన్ లేకుండా సప్లిమెంట్‌గా దొరుకుతుంది. బలానికి, ఉత్సాహానికి అని రాసి ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక అది ఈస్ట్రోజెన్‌గా మారగలదు. బ్రిటన్‌లో 2022 నుంచి 10 మైక్రోగ్రాముల యోని ఈస్ట్రోజెన్ మాత్రను ప్రిస్క్రిప్షన్ లేకుండా ఫార్మసీలో ఇస్తున్నారు. అక్కడ కూడా రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి దాన్ని అలా అమ్మరు.

డాక్టర్‌ను అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

1. నా గడ్డ ఈఆర్, పీఆర్ ఎంత శాతం?
2. నేను వాడుతున్న మాత్ర టామోక్సిఫెనా, లెట్రోజోల్ తరహాదా? ఇంకా ఎన్నాళ్లు?
3. జెల్, లూబ్రికెంట్ వాడినా తగ్గకపోతే నాకు ఏ దారి ఉంది?
4. ఈస్ట్రోజెన్ క్రీమ్ రాస్తే ఎంత మోతాదు, ఎన్ని నెలలు, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి?

గైనకాలజిస్ట్ క్రీమ్ రాసినా సరే, క్యాన్సర్ డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. అలాగే బాధ ఎంత ఉన్నా క్యాన్సర్ మాత్రను సొంతంగా ఆపొద్దు. ఓపీలో అందరి ముందు నోటితో చెప్పడానికి మొహమాటమైతే పై నాలుగు ప్రశ్నలూ ఒక చీటీ మీద రాసి ఫైల్‌లో పెట్టినా చాలు. ఈ వివరాలు అవగాహన కోసమే. ఎవరికి ఏ మందు కుదురుతుందన్నది రిపోర్టు చూసి డాక్టర్ తేల్చాల్సిందే.