పాతకారు కింది రేకు: పీకేస్తే ఇంజన్ చల్లబడుతుందా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పాతకారు షెడ్డుకొస్తే మొదట బలయ్యేవి ఇంజన్‌కు రెండు పక్కలా ఉండే పల్చటి రేకులు. ఇంజన్‌కూ ఛాసిస్ పట్టాలకూ మధ్య ఖాళీని మూసే ఈ రేకులనే స్ప్లాష్ ప్యాన్లు అంటారు. "దాంతో ఏం పనుందన్నా, పీకి పక్కన పడేస్తే పోలా" అన్న ఒక్క మాటతో అవి మూలకు చేరతాయి. అక్కణ్నుంచి పాతసామాన్ల బండెక్కుతాయి. కొన్నేళ్లకు కారుకు పాతకళ తెద్దామని కూర్చున్నప్పుడు ఎంత వెతికినా దొరకవు.

ఫోర్డ్ మోడల్ ఎ కారునే తీసుకుందాం. 1927 చివర్లో మొదలై 1931 దాకా నడిచిన మోడల్ ఇది. ఫోర్డ్ కంపెనీ 1926లో ఇండియాలో అడుగుపెట్టి మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో కార్లు బిగించేది. అప్పుడు మన చిత్తూరు జిల్లా మద్రాసు కిందే ఉండేది. ఈ మోడల్ ఎ రేకుల మీద ఉన్నన్ని అపోహలు ఇంకే భాగం మీదా లేవు.

అపోహ: రేకు తీసేస్తే గాలి ఆడుతుంది, ఇంజన్ వేడెక్కదు.

వాస్తవం: ఇది వినడానికి బాగుంటుంది, పని మాత్రం చేయదు. ఫ్యాను ఉన్నది రేడియేటర్ గుండా గాలి లాగడానికి. పక్కనా కిందా సందులుంటే గాలి సులువైన దారినే వస్తుంది, రేడియేటర్ గుండా రావాల్సిన వాటా తగ్గుతుంది. హార్స్‌లీ హిల్స్ ఘాట్‌రోడ్డు మీద ఇది తెలిసొస్తుంది. కొండ సుమారు 1,260 మీటర్ల ఎత్తు. చిన్న గేరులో మెల్లగా ఎక్కే బండికి ఎదురుగాలి అంతంతమాత్రం, ఫ్యాను లాగే గాలే దిక్కు.

మరి వేడెందుకు ఎక్కుతోంది? మన బోరు నీళ్లను అడగండి. ఆ గట్టినీళ్లు ఏళ్ల తరబడి పోస్తే రేడియేటర్ గొట్టాల్లో గార పేరుకుంటుంది. బండిని కాసేపు నడిపి, ఇంజన్ ఆపి, ఫ్యాను నిలిచాక రేడియేటర్ ముందువైపు చేత్తో తడిమి చూడండి. అంతా వెచ్చగా ఉండి ఒకచోట చల్లగా తగిలితే అక్కడ గొట్టాలు మూసుకుపోయినట్టే. మోడల్ ఎలో ఇంకో తిరకాసుంది. స్టీరింగ్ కింద ఎడమవైపు పుల్ల స్పార్కు టైమింగ్‌ది. స్టార్ట్ చేయడానికి దాన్ని పైకి పెట్టి, తర్వాత కిందికి దించడం మరిచిపోతే ఇంజన్ ఉడికిపోతుంది. తప్పు పుల్లది, శిక్ష రేకుకి!

అపోహ: అది ఆయిల్ పట్టుకునే రేకు.

వాస్తవం: కాదు. ఆయిల్ ఉండేది దాని పక్కనున్న ఆయిల్ చాంబర్‌లో. స్ప్లాష్ ప్యాన్‌లో ఆయిల్ కనిపిస్తే ఎక్కడో కారుతోందని అర్థం. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మోడల్ ఎలో పెట్రోల్ ట్యాంకు డ్యాష్‌బోర్డు ముందే, ఎత్తులో ఉంటుంది. పంపు లేదు, పెట్రోల్ తనంతట జారి కార్బురేటర్‌లోకి వస్తుంది. లోపల సూది సరిగా మూయకపోతే చుక్కలు పడేది కుడిపక్క. అక్కడి రేకు ఆయిల్ జిడ్డుతో నానిపోయి ఉంటే మంటకు అన్నీ సిద్ధం చేసినట్టే. బండి ఆపగానే పెట్రోల్ ట్యాపు కట్టేయండి.

ఇంకొందరు "మనవైపు వానలెక్కడివి, బురద ఆపే రేకెందుకు" అంటారు. బురదకంటే దుమ్ము మొండిది. కుప్పం గ్రానైటు క్వారీల వైపు తిరిగే బండ్లను చూస్తే చాలు. ఆ రాతిపొడి జిడ్డుతో కలిసి డైనమో మీదా బెల్టు మీదా పేరుకుంటే సానరాయి పని చేస్తుంది.

అపోహ: తుప్పు పట్టిన రేకు పనికిరాదు, మందం రేకు కొట్టిస్తే గట్టిగా ఉంటుంది.

వాస్తవం: పాత రేకుకు బలం మందంతో రాలేదు, దాని మీద నొక్కిన గాడులతో, మడతపెట్టిన అంచులతో వచ్చింది. మందం రేకు బరువుకు బిగింపులు దెబ్బతినే ప్రమాదముంది. ముందు మంచిగా మిగిలిన చోట మందం కొలవండి. 20 గేజి అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్లు, 18 గేజి అంటే 1.2. టింకర్‌కు ఆ కొలత చెప్పి, కుళ్లిన ముక్క వరకే కోయించి అతికించండి.

తుప్పు వదిలించడానికి ఇసుక బ్లాస్టింగ్‌కు ఇస్తే పల్చటి రేకు అప్పడంలా మెలిదిరిగే ప్రమాదముంది. పశువుల దాణాలో కలిపే మొలాసిస్ ఇంతకంటే మేలు. ఒక వంతు మొలాసిస్‌కు తొమ్మిది పది వంతుల నీళ్లు కలిపి, రేకును ముంచి, ఒకటి రెండు వారాలు వదిలేయాలి. తుప్పు కరుగుతుంది, ఇనుము నిలుస్తుంది. వాసన భరించాలి మరి. అల్యూమినియం భాగాలు మాత్రం అందులో వేయొద్దు, తినేస్తుంది. చాకలి సోడా నీళ్లు, బ్యాటరీ ఛార్జర్‌తో చేసే పద్ధతీ ఉంది కానీ, అందులో కరెంటు తగిలించే ముక్కలుగా స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలూ గరిటెలూ వాడకండి. విషపు క్రోమియం పుడుతుంది.

వెల్డింగ్ ఎప్పుడూ రేకును బండి నుంచి విప్పాకే. దూరదూరంగా టాకాలు వేసి, చల్లారనిచ్చి, మధ్యలో నింపుకుంటూ రావాలి. చిల్లులను మెటల్ పేస్టుతో పూడిస్తే ఇంజన్ అదురుకు రాలిపోతుంది.

అపోహ: రెడాక్సైడ్ కొడితే ఇక తుప్పు రాదు.

వాస్తవం: ఉత్త రెడాక్సైడ్ తేమను పీల్చుకుంటుంది. ఎపాక్సీ ప్రైమర్ వేసి పైన నలుపు కొట్టండి. కాలిన ఆయిల్ పూయడం మాత్రం దుమ్మును పిలిచి కూర్చోబెట్టడమే.

అపోహ: బోల్టులు ఎంత బిగిస్తే అంత మంచిది.

వాస్తవం: ఇంజన్ కదులుతుంది, ఛాసిస్ కదలదు. రేకును రెంటికీ బిర్రుగా కట్టేస్తే బోల్టు చిల్లు దగ్గర చీలుతుంది. అన్ని బోల్టులూ ముందు చేత్తో తిప్పి, రేకు తన చోట కూర్చున్నాకే స్పానర్ పట్టాలి. రేకు ఆనేచోట కాన్వాసు పట్టీ పెడితే గలగల ఉండదు. బిగించాక ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు చేయి అందుతోందో లేదో చూసుకోండి.

చివరిగా, "రేకు అతికిస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్ రాదు" అన్న భయం. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని బండ్లకు వీఏ అక్షరాలతో నంబరిస్తారు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అసలు ఆకారంలోనే బాగుచేసి తిరిగి పెట్టిన రేకు ఆ షరతుకు అడ్డమేమీ కాదు, కారు అసలు రూపంలోనే ఉందనడానికి సాయం. విప్పకముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి, అట్టమీద రేకు ఆకారం గీసి, బోల్టు చిల్లులు గుర్తుపెట్టి, ఆ అట్టను ఆర్‌సీతో పాటు దాచండి.