అబ్బాజాన్ మళ్లీ నడవాలంటే...

దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాపులో దిగి నాలుగడుగులు వేయగానే ఆగి, దుకాణాల్లోని సరుకులను చూస్తున్నట్టు నిలబడే పెద్దవారిని మనం గమనించే ఉంటాం. వయసు మీద పడిందనుకుని ఊరుకుంటాం. నడిస్తే పిక్క పట్టేయడం, నిలబడితే నొప్పి తగ్గడం, తిరిగి నడిస్తే మళ్లీ రావడం కాలి ధమనులు సన్నబడ్డాయనడానికి సంకేతం కావచ్చు. పొగాకు, మధుమేహం, అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్ ఇందుకు ప్రధాన కారణాలు.

మూసుకుపోయిన ధమనికి పక్కగా రోగి సొంత సిరతోనే కొత్త దారి వేసే శస్త్రచికిత్సను 1948లో ఫ్రాన్స్‌లో డాక్టర్ కున్లిన్ చేశారు. 1964 జనవరి 16న అమెరికాలో డాక్టర్ చార్లెస్ డాటర్, కాలు తీసివేయడానికి ఒప్పుకోని 82 ఏళ్ల వృద్ధురాలి తొడ ధమనిని సన్నని గొట్టాలతో వెడల్పు చేశారు. ఆమె తన రెండు కాళ్లమీదే నడుస్తూ మరో రెండేళ్లకు పైగా జీవించింది. నేడు ఈ రెండు రకాల చికిత్సలూ మన హైదరాబాద్‌లోనే జరుగుతున్నాయి.

అసలు పరీక్ష ఇంటికి వచ్చాక మొదలవుతుంది. "మీరు లేవకండి అబ్బాజాన్, నేను తెస్తాను" అంటూ పిల్లలు మంచినీళ్లు మొదలు వుజూ నీళ్ల వరకు మంచం దగ్గరికే చేరుస్తారు. ఆ ప్రేమలో లోపం లేదు. కానీ నెలలు గడిచేసరికి కండరాలు సన్నగిల్లి, ధైర్యం సడలి, బాగుపడిన కాలు సైతం మంచానికే పరిమితమవుతుంది. శస్త్రచికిత్స రక్తానికి దారి తెరుస్తుంది. మనిషిని గడప దాటించేది మాత్రం నడకే.

గాయం మానాక, వైద్యుని అనుమతితో నడక ప్రారంభించాలి. నొప్పి వస్తే ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. ఇలా 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం 3 రోజులు, 12 వారాల పాటు సాగించడం మేలని వైద్యులు చెబుతారు. మొదట వరండా, పిదప వీధి, ఆపై మస్జిద్. తరువాత రద్దీ లేని వేళ మెట్రో. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట్, ఎల్.బి.నగర్ మధ్య ప్రారంభమైన ఈ మార్గంలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ మూడో స్టేషను. స్టేషన్లలో లిఫ్టులున్నాయి. అమ్మీ అయితే 2023 డిసెంబరు 9 నుంచి అమలవుతున్న ఉచిత బస్సు ప్రయాణంతో ఎల్.బి.నగర్‌లోని కూతురింటికి వెళ్లవచ్చు. మొదటి కొన్నిసార్లు తోడు వెళ్లండి. తరువాత వారిని ఒంటరిగా వెళ్లనివ్వండి.

నమాజు విషయంలోనూ ఇదే వివేకం అవసరం. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చని దైవప్రవక్త (సల్లం) అనారోగ్యంతో ఉన్న ఒక సహచరునికి బోధించారు. ఈ వెసులుబాటు అశక్తతకు సంబంధించినది. శక్తి తిరిగి వచ్చినప్పుడు కుర్చీని వదిలి ఫర్జ్ నమాజులో నిలబడటమే విధి. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి వుజూ నీళ్ల వేడిని ఇంట్లోవారు ముందుగా చూడాలి. వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవాలి. కట్టు ఉన్నప్పుడు ఏం చేయాలో వైద్యుణ్ణి, ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

బీడీ, సిగరెట్ పూర్తిగా మానాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలను సొంతంగా ఆపరాదు. చెప్పులు లేకుండా నడవరాదు. కాలు హఠాత్తుగా చల్లబడినా, పాలిపోయినా, మొద్దుబారినా, తీవ్రంగా నొప్పి పుట్టినా ఉదయం దాకా వేచి ఉండక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ ప్రతి గంటా విలువైనదే.

తల్లిదండ్రులకు సేవ చేయడం మన ధర్మం. చేయి అందించడం సేవే, సమయం వచ్చినప్పుడు ఆ చేయి వదిలి పక్కన నడవడమూ సేవే. అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్ని, మనకు ఆ సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.