పాత గోడకు సిమెంటు పడదు

తార్నాక నుంచి లాలాపేట్ మీదుగా పట్టాల వైపు నడిస్తే లాలాగూడ వస్తుంది. నిజాం కాలపు రైల్వే కంపెనీ 1893లో ఇక్కడ వర్క్‌షాపు పెట్టింది. దాని చుట్టూ సిబ్బంది క్వార్టర్లు వరుసలుగా వెలిశాయి. రెండిళ్లకు ఒకే గోడ ఉండే ఇలాంటి కట్టడం హైదరాబాదుకు కొత్త కాదు. 1908 మూసీ వరద తర్వాత ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీని అలాగే కట్టించింది: కింద రాతి కమానుల వెనుక దుకాణాలు, పైన ఇళ్లు.

ఇలాంటి ఇంట్లో మాడ్యులర్ కిచెన్, ఏసీ, ఫాల్స్ సీలింగు పెట్టుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. చిక్కు వాటితో కాదు, వాటికంటే ముందు మేస్త్రీ చేసే పనితో. పెచ్చులూడిన పాత పూత గీకేసి, పైన సిమెంటు మెత్తేస్తాడు. గోడ నున్నగా, కొత్తగా కనిపిస్తుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి మోకాలెత్తున తెల్లగా ఉప్పు పొంగుతుంది, పూత ఉబ్బుతుంది. మళ్లీ సిమెంటే పూస్తారు, ఈసారి ఇంకాస్త మందంగా!

పాత ఇటుక గోడ నేలలోని చెమ్మను దీపపు వత్తి నూనెను పీల్చినట్టు పైకి లాక్కుంటుంది. ఆ రోజుల్లో పునాదిలో చెమ్మను ఆపే పొర చాలాచోట్ల వేయలేదు. అయినా ఇబ్బంది రాలేదంటే సున్నపు పూతే కారణం. దాని సన్నని రంధ్రాల గుండా చెమ్మ ఆవిరై గాలిలో కలిసిపోయేది. సిమెంటు పూత ఆ దారిని చాలావరకు మూసేస్తుంది. లోపల చిక్కుకున్న నీటిలోని లవణాలు ఆరేచోట స్ఫటికాలుగా పేరుకుని, ఇటుకనే లోపలి నుంచి పొడి చేస్తాయి. ప్లాస్టిక్ పెయింటు వేస్తే మిగిలిన దారీ బందే.

సున్నంలో ఇంకో గుణముంది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడు పోతుంది. నీళ్లు పోసి చల్లార్చి, ఇసుకతో గానుగలో నూరి గోడకు పూస్తే, పోయిన వాయువునే గాలి నుంచి మెల్లగా తిరిగి తీసుకుని మళ్లీ రాయవుతుంది. అదే డంగు సున్నం. బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపేది రుచికి కాదు, పట్టు కోసం. గట్టిపడ్డాక కూడా అది ఇటుకకంటే మెత్తనే. గోడ కాస్త కదిలితే పగులు సున్నంలో వస్తుంది, ఇటుక బతుకుతుంది. సిమెంటుతో లెక్క తిరగబడుతుంది.

ఒకప్పటి కోఠి మహిళా కళాశాల ప్రాంగణంలోని బ్రిటిష్ రెసిడెన్సీ పాత కట్టడాల అవస్థకు పెద్ద ఉదాహరణ. బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ హయాంలో 1803లో మొదలైన ఆ భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాలగా దశాబ్దాలు నడిచింది. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2002లో దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ తర్వాతే మరమ్మతులు ఊపందుకున్నాయి.

వరుస ఇంటికి మాత్రం రెసిడెన్సీకి లేని బెడద ఒకటుంది: ఉమ్మడి గోడ. రెండిళ్ల దూలాలూ అందులోనే దిగి ఉంటాయి. హాలునూ వంటింటినీ కలిపేద్దామని అడ్డుగోడ కొట్టేస్తే, అది మోస్తున్న బరువు పక్క గోడల మీదికి జారుతుంది. పగులు పొరుగింట్లో కనిపించవచ్చు, తగాదా ఇక చెప్పక్కర్లేదు. ముందు జాకీలు పెట్టి పైకప్పును ఆపి, ఇనుప దూలం ఎక్కించాకే గోడ జోలికి వెళ్లాలి. ఆ దూలం ఎంత లావుండాలో లెక్కగట్టాల్సింది ఇంజనీరు, ఇంటీరియర్ డిజైనరు కాదు.

మిగతావి తేలిక. వైర్లకు గోడ తొలిచే బదులు పైపైన పైపుల్లో లాగొచ్చు. బీరువాలు గోడకు నాలుగు వేళ్ల ఎడంగా పెడితే వెనక గాలి ఆడుతుంది. ఫాల్స్ సీలింగు తప్పదనుకుంటే, చెక్క దూలం గోడలో దిగే చోట ఒక చిన్న తలుపు వదిలిపెట్టాలి. చెదలు మొదట పట్టేది చెమ్మ తగిలే ఆ కొసనే, టార్చి వేసి చూడటానికి చోటుండాలి కదా.