కారు పైకప్పు మోసేది ఎంత?
* డేరా బిగించే ముందు బరువు లెక్క తప్పనిసరి
* ఘాట్ మలుపుల్లో పొంచి ఉన్న ప్రమాదం

దేవరకొండ: సోమశిల, వైజాగ్ కాలనీ, నాగార్జునసాగర్ వంటి కృష్ణా తీర ప్రాంతాలకు సొంత వాహనాల్లో వెళ్లి రాత్రి బస చేయాలనుకునే వారికి ఒక సాధనం అందుబాటులో ఉంది. కారు పైకప్పుపై బిగించి, ఆగిన చోట విప్పుకొనే మడత డేరా అది. రూఫ్‌టాప్ టెంట్‌గా వ్యవహరించే దీని బరువు సాధారణంగా 45 నుంచి 80 కిలోల వరకు ఉంటుంది. యాత్రలకు వెళ్లేటప్పుడు క్యారియర్‌పై సామాను కట్టుకోవడం నల్గొండ, పాలమూరు వాసులకు అలవాటే. అయితే ఇనుప కప్పు ఎంతైనా మోస్తుందన్న భావన సరికాదు.

పరిమితి ఎంత?
పైకప్పుపై ఎంత బరువు ఉంచవచ్చో వాహన తయారీదారులే నిర్ణయిస్తారు. కారుతో పాటు ఇచ్చే పుస్తకంలో ఆ వివరం చూసుకోవాలి. చాలా కార్లకు ఇది 50 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది. సాధారణంగా క్యారియర్ కడ్డీల బరువునూ ఇందులోనే లెక్కించాలి. ఉదాహరణకు పరిమితి 75 కిలోలు అనుకుంటే, 60 కిలోల డేరా, 10 కిలోల కడ్డీలు బిగించాక మిగిలేది 5 కిలోలే. పరుపులు, నీళ్ల క్యాన్లు కూడా పైకి చేరితే పరిమితి దాటినట్లే. క్యారియర్‌కు దాని తయారీదారు విధించే పరిమితి వేరుగా ఉంటుంది. రెండింటిలో ఏది తక్కువైతే దానినే పాటించాలి.

ఆగినప్పుడు వేరు.. కదిలినప్పుడు వేరు
ఇద్దరు పెద్దలు డేరాలో పడుకుంటే మరో 130 కిలోలు అదనమవుతాయి. 75 కిలోల పరిమితి ఉన్న కప్పు దీనిని ఎలా భరిస్తుందన్న సందేహం సహజం. పుస్తకంలో పేర్కొనేది సాధారణంగా కదిలే వాహనానికి వర్తించే పరిమితి. ప్రయాణంలో గుంతల కుదుపులు, బ్రేకుల తాకిడి, మలుపుల ఒత్తిడి కప్పుపై పడతాయి. సమతల నేలపై ఆగి ఉన్న వాహనంలో బరువు నేరుగా కిందికే పడుతుంది కనుక అంతకంటే ఎక్కువ మోయగలదు. ఆ మేర ఎంతన్నది తయారీదారును అడిగి తెలుసుకోవాలి.

గడ్డి బండి చెప్పే పాఠం
ఎత్తుగా గడ్డి పేర్చిన బండి వాలు నేలపై ఒరిగిపోవడం రైతులకు తెలిసిందే. అంతే బరువున్న ధాన్యం బస్తాలను అడుగున వేస్తే ఆ భయం తక్కువ. కారుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. బరువు పైకి చేరిన కొద్దీ వాహనం నిలకడ తగ్గుతుంది. ఒకే మలుపును గంటకు 40 కిలోమీటర్లకు బదులు 60 కిలోమీటర్ల వేగంతో తిరిగితే పక్కకు నెట్టే ఒత్తిడి రెండింతలు దాటుతుంది. ఈగలపెంట దాటాక శ్రీశైలం ఆనకట్ట వైపు దిగే ఘాట్ రోడ్డులో ఇది ప్రాణాంతకం కావచ్చు.

చట్టం ఏమంటోంది?
మోటారు వాహనాల చట్టం-1988లోని 123వ సెక్షన్ ప్రకారం వాహనం పైకప్పుపై ఎవరూ ప్రయాణించరాదు. పిల్లలు డేరాలో నిద్రిస్తున్నా, వారిని కిందికి దించాకే వాహనం కదపాలి. 52వ సెక్షన్ ప్రకారం వాహన నిర్మాణాన్ని తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా మార్చరాదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా డేరా వేయరాదు.

ఈ జాగ్రత్తలు పాటించాలి
* పైన ఉన్న బరువుతో సహా ప్రయాణికులు, సామాను మొత్తం వాహనం మోయగల బరువును మించరాదు.
* బరువైన సామాను కారు లోపల, అడుగు భాగంలో ఉంచాలి.
* బయలుదేరిన కొద్ది కిలోమీటర్లకే ఆగి బోల్టులు సరిచూసుకోవాలి.
* డేరాతో పెరిగిన ఎత్తును కొలిచి ఉంచుకుంటే చెట్ల కొమ్మలు, తక్కువ ఎత్తు వంతెనల వద్ద ఇబ్బంది ఉండదు.
* కప్పుకు రంధ్రాలు చేయించడం, కడ్డీలు వెల్డింగ్ చేయించడం మానుకోవాలి. దానివల్ల కప్పు బలం తగ్గుతుంది.